టైరు మీద నాలుగంకెలు

మొన్న లంచ్ టేబుల్ దగ్గర మా టీములో కుర్రాడొకడు ఫోను నా ముందు పెట్టి, "అన్నా, బండికి టైర్లు మారుద్దామనుకుంటున్నా. ఇవెలా ఉంటాయ్?" అన్నాడు. చూస్తే బటన్ టైర్లు. ఒక్కో బటను మైసూర్‌పాక్ ముక్కంతుంది. ఎక్కడికెళ్తావురా అంటే సంక్రాంతికి రాజోలట. హైదరాబాదు నుంచి రాజోలుకి లడఖ్ టైర్లెందుకురా అని నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే నాలుగు రోజులు కూర్చుని రివ్యూలు చదివి టైరు గురించి ఆలోచిస్తున్న ఆ కుర్రాడు, ఆ మాత్రం కూడా ఆలోచించని నాకంటే నయమే కదా.

నా సంగతి చెప్తాను. చెప్పుకోడానికి గొప్పగా ఏం లేదు గానీ, ఎవరికైనా పనికొస్తుందేమో.

నాది 2018 నాటి హిమాలయన్, పాత 411 సీసీది. కొన్న కొత్తలో బాగానే తిప్పాను. 2020, 2021 రెండేళ్ళూ వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని సెల్లార్లోనే పడుంది. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లు ఊరికి, అప్పుడప్పుడూ ఆఫీసుకి, అంతే. అందుకే 2024 జూలైలో ఊరికి బయల్దేరినప్పుడు ఓడోమీటరు పదిహేను వేలు కూడా దాటలేదు. టైర్లు కంపెనీవే. వెనక టైరు వంక చూశాను. గీతలున్నాయి. "ఇంకో ఐదు వేలు లాగేస్తుంది" అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను.

విజయవాడ దాకా, అక్కణ్ణుంచి సిద్ధాంతం బ్రిడ్జి దాటి రావులపాలెం దాకా ఏ ఇబ్బందీ లేదు. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు తిన్నటి రోడ్డు. బండి మీద కాఫీ గ్లాసు పెట్టినా తొణకదు. మర్నాడు పొద్దున్న మా మావయ్యని వెనకెక్కించుకుని కొత్తపేట వైపు ఓ కాలవ గట్టు మీద వెళ్తున్నాం. రాత్రి చినుకు పడింది. ఊడ్పుల రోజులు కదా, దమ్ము చక్రాల ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కి, చక్రాలకంటుకున్న నల్లమట్టంతా తారు మీద రాల్చుకుంటూ పోయాయి. మలుపులో బండి కొంచెం వంచాను. స్పీడు ముప్పై కూడా లేదు. వెనక చక్రం సబ్బు మీద కాలేసినట్టు పక్కకెళ్ళిపోయింది. నేను లేచి నిలబడ్డాను. మావయ్య లేవలేదు. కుడి మణికట్టు విరిగింది. ఇంకో రెండు గజాలు జారి ఉంటే ఇద్దరం కాలవలో ఉండేవాళ్ళం, అది నిండుగా పారుతున్న కాలవ.

అమలాపురంలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక, మావయ్య అరుగు మీద కూర్చుని బండిని ఎగాదిగా చూశాడు.

"ఏరా, ఆ పక్కన తగిలించిన పెట్టెలెంత?"

"రెండూ కలిపి పద్దెనిమిది వేలు మావయ్యా."

"ముందు ఆ ఇనప కమ్మీలో?"

"అవో ఐదు వేలు."

"టైర్లెంతుంటాయి?"

"రెండూ కలిపి ఓ ఎనిమిది, తొమ్మిది వేలు."

అంతే. ఇంకో మాట అనలేదు. ఎడం చేత్తో మంచినీళ్ళ గ్లాసు తీసుకుని తాగాడు. ఆ ఏడు ఊడ్పులు ఆయన గట్టు మీద నిలబడి చూడ్డమే అయ్యింది, చేసే పనికి మనిషిని పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బావుండేదనిపించింది.

మర్నాడు ఊళ్ళో పంచరు షాపాయన టైరు గోడ మీద వేలు పెట్టి చూపించాడు. "ఆయ్, ఇది చూశారాండి? 2318. ఇరవై మూడో వారం, పద్దెనిమిదో సంవత్సరం. ఆరేళ్ళ సరుకండి ఇది. గోరు దిగుతుందేమో చూడండి." దిగలేదు. చెక్కలా ఉంది.

చూశారా, మనం రోజూ లాగ్ ఫైళ్ళలో టైమ్‌స్టాంపులు చూసి బతికేవాళ్ళం. టైరు మీద టైమ్‌స్టాంపు అచ్చు వేసి ఉంటుందని నాకు ఆరేళ్ళు తెలీదు. డాట్ అన్న అక్షరాలున్న వరసలో చివరి నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. తిరిగినా తిరక్కపోయినా రబ్బరు వయసు పెరుగుతూనే ఉంటుంది. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. గట్టిపడ్డ రబ్బరు తారుని పట్టుకోదు, ముఖ్యంగా తడి తారుని. ఐదేళ్ళు దాటాక ఏటా పరీక్ష చేయించమనీ, పదేళ్ళయితే గీతలున్నా తీసేయమనీ మిషెలిన్ లాంటి కంపెనీలే చెప్తాయి. పదేళ్ళన్నది ఆఖరి గీత. అక్కడిదాకా వెళ్ళి తీరాలని కాదు. "తక్కువ తిరిగింది కాబట్టి కొత్తదే" అనుకోవడం మన ఐటీ వాళ్ళకి బాగా అలవాటైన పొరపాటు. మన బళ్ళు తిరిగేదానికన్నా సెల్లార్లో నిలబడేదే ఎక్కువ మరి.

రెండో సంగతి. హైవే మీద తిన్నగా పోయే బండికి టైరు మధ్యభాగమే అరుగుతుంది. నాలుగు వందల కిలోమీటర్లు పోనూ, నాలుగు వందలు రానూ. కొన్ని ట్రిప్పులయ్యేసరికి గుండ్రంగా ఉండాల్సిన టైరు మధ్యలో చదునైపోతుంది. తిన్నగా పోయినంతసేపూ తేడా తెలీదు. కోనసీమలోకి దిగాక మాత్రం రోడ్డు కాలవ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. బండి వంచగానే ఆ చదునుకీ అంచుకీ మధ్యనున్న మెట్టు మీద చక్రం తడబడుతుంది. అంటే టైరుని అరగదీసేది హైవే, పరీక్ష పెట్టేది గట్టు రోడ్డు. మనం మాత్రం మార్కులు హైవే మీద వేసుకుంటాం.

నిజాయితీగా ఒక మాట. కొత్త టైరైతే ఆ రోజు పడేవాళ్ళం కాదని బల్లగుద్ది చెప్పలేను. తడి తారు మీద నల్లమట్టి పూత ఉంటే ఏ టైరైనా జారుతుంది. కానీ కొత్త టైరు జారేముందు కొంచెం చెప్తుంది, ఒక్క క్షణం టైమిస్తుంది. నా టైరు ఆ క్షణం ఇవ్వలేదు. నేను డబ్బులు పెట్టి కొనుక్కోవలసింది ఆ ఒక్క క్షణాన్ని. దాని బదులు పెట్టెలు కొన్నాను.

ఇహ మా కుర్రాడి బటన్ టైర్ల సంగతి. "కోనసీమ రోడ్లు బాలేవు కదన్నా, బటన్లయితే బురదలో పట్టుకుంటాయి" అని వాడి వాదన. వినడానికి బానే ఉంది. గులక, ఎండు మట్టి, ఇసక ఉన్నచోట అవి నిజంగానే బాగుంటాయి. కానీ మన నల్లమట్టి జిగురుమట్టి. పది గజాలు వెళ్ళేసరికి బటన్ల సందులన్నీ పూడుకుపోయి టైరు గుండైపోతుంది. తడి తారు మీద చూస్తే నేలకి ఆనే రబ్బరే తక్కువ. పోనీ హైవే మీదా అంటే చప్పుడు, వణుకు, పైగా గబగబా అరుగుదల. ఏ లెక్కన చూసినా వాడి దారికి సరిపోవు.

నమ్మకం లేకపోతే అంబాజీపేట వైపు ఓ పూట నిలబడి చూడండి. టీవీఎస్ ఎక్సెల్ మీద అటూ ఇటూ కొబ్బరికాయలు వేలాడేసుకుని, చిటికెన వేలంత సన్నటి టైర్లతో అదే బురదలో పోతుంటారు. వాళ్ళ రహస్యం టైరులో లేదు. స్పీడు పదిహేను, రెండు కాళ్ళూ కిందికి, మరీ జారుడుంటే దిగి నడిపించడం. బురదకి టైరుతో పరిష్కారం లేదండీ, వెనకున్న మనిషిని దిగి నడవమనడమే పరిష్కారం. నేను మావయ్యని దిగమనలేదు. అడిగితే చిన్నతనమనుకున్నాను.

దాళ్వా కోతలప్పుడు వెళ్తే ఇంకో సరదా. రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. బేరింగులో గోళీల మీద బండి నడిపినట్టే ఉంటుంది. చెరువుల నుంచి వచ్చే లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. వీటన్నిటికీ కావలసింది ఎత్తు బటన్లు కాదు, మెత్తటి రబ్బరు, నీళ్ళని పక్కకి తోసే గాళ్ళు, గుండ్రంగా ఉన్న టైరు.

కాబట్టి ఇంతకీ ఏం కొనాలి? నా లెక్క ఇదీ.

మీ దారిలో తొంభై శాతం తారే కాబట్టి తారు కోసం చేసిన టూరింగ్ టైరే తీసుకోండి. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు పెట్టి చేసే రకాలుంటాయి. మనలాంటి హైవే ప్లస్ గట్టు రోడ్డు ప్రయాణానికి అవి అతికినట్టు సరిపోతాయి. ఎమ్మారెఫ్, సియట్, అపోలో, టీవీఎస్ యూరోగ్రిప్, బడ్జెట్ ఉంటే మిషెలిన్, మెట్జెలర్, ఏదైనా సరే. బ్రాండు మీద మూడు వారాలు కొట్టుకోకండి. ఏ బ్రాండైనా కొత్త టైరు ఆరేళ్ళ చెక్క కంటే మేలే.

సైజు మార్చకండి. నా వెనక టైరు మీద 120/90-17, 64 ఎస్ అని ఉంటుంది. 120 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో తొంభై శాతం ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. 64 అంటే 280 కిలోల బరువు, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం. ఆ బరువూ వేగం తాలూకు గుర్తులు కంపెనీ ఇచ్చినదానికన్నా తగ్గకూడదు. లావు టైరేస్తే లుక్కొస్తుందని కొందరు వేస్తారు. అదే రిమ్ములో లావు టైరు ఇరికిస్తే దాని ఆకారమే మారిపోతుంది. బండి తిరగనని మొరాయిస్తుంది.

షాపులో డబ్బులిచ్చేముందు ఆ నాలుగంకెలు చూడండి. డిస్కౌంటు అంటూ రెండేళ్ళ నాటి సరుకు అంటగడితే వద్దనండి. మొహమాటమెందుకు, పాల ప్యాకెట్ మీద తేదీ చూడమా? టైరు గోడ మీద బాణం గుర్తుంటే చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో చూసుకోండి. నా బండిలా స్పోకుల చక్రమైతే టైరుతో పాటు ట్యూబు కూడా కొత్తదే వేయించండి. రెండు మూడు వందల దగ్గర లోభించి రాత్రిపూట గట్టు మీద నిలబడకండి. అల్లాయ్ చక్రం, ట్యూబ్‌లెస్ అయితే ఓ ప్లగ్ కిట్టు, చిన్న పంపు పెట్టెలో పడేస్తే చాలు.

ఇంకోటి, ప్రయాణం ముందు రోజు టైర్లు మార్చకండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి నూరు, నూటేభై కిలోమీటర్లు మెల్లగా నడిపితేగానీ పట్టు రాదు. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లోకి కోడ్ తోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గాలి మాన్యువల్లో చెప్పినంత, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు. ఆ రోజు నేను ఒక్కడి గాలితోనే ఇద్దర్ని ఎక్కించానని తర్వాత వెలిగింది.

ఏబీఎస్ ఉంది కదా అంటారేమో. 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు, చాలా మంచి పని. కానీ ఏబీఎస్ చేసేది ఉన్న పట్టుని పొదుపుగా వాడటమే, లేని పట్టుని తేవడం కాదు. అకౌంట్లో డబ్బుల్లేకపోతే ఏటీఎమ్ ఏం చేస్తుంది?

మొత్తానికి నేననేది ఒక్కటే. టైరుని నాలుగు వందల కిలోమీటర్ల కోసం కాదు, ఆఖరి ముప్పై కిలోమీటర్ల కోసం ఎంచుకోండి. హైవే మీద మనమొక్కళ్ళమే ఉంటాం. ఊళ్ళోకెళ్ళాకే అమ్మో, మావయ్యో, మేనకోడలో వెనకెక్కుతారు. హెల్మెట్టూ జాకెట్టూ మనకుంటాయి, వాళ్ళకి చీరకుచ్చిళ్ళూ హవాయి చెప్పులూ.

తర్వాతి సంక్రాంతికి కొత్త టైర్లతో వెళ్ళాను. మావయ్య అరుగు దిగి వచ్చి వంగి వెనక టైరు చూశాడు. బొటనవేలి గోరుతో ఓసారి నొక్కాడు. మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు చూడ్డానికి ఇద్దరం బండి మీదే వెళ్ళాం. దారిలో ఓ చోట రోడ్డు మీద మట్టి కనపడగానే ఆయన అడక్కుండానే ఆపాను. దిగి నడిచాడు. అటువైపు మళ్ళీ ఎక్కాడు.

ఆ కుర్రాణ్ణి మాత్రం లంచ్ కాగానే పార్కింగుకి తీసుకెళ్ళి వాడి టైరు మీద నాలుగంకెలు చదివించాను. 1119. మీరూ ఓసారి కిందికెళ్ళి చూసి రండి. లిఫ్టులో వెళ్ళి రావడానికి ఐదు నిమిషాలు పట్టదు.