ముందు తోటలో, పిదప పొలములో

హిందూ మహాసముద్రమందలి మారిషస్ ద్వీపమున పాంప్లెమూస్ అను ఉద్యానవనమును మేము చూచితిమి. 1834 మొదలు కూలి ఒడంబడికలపై ఆ ద్వీపమునకు బోయినవారిలో మన తెలుగువారును గలరు. కోరంగి రేవున ఓడలెక్కినందున వారికి కోరంగివారని పేరు వచ్చెను. వారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొనుచున్నారు.

ఆ వనమున వింతలు పెక్కు. కొలనులో అంచులు పైకి లేచిన తామరాకులు పెద్ద పళ్లెరములవలె తేలుచుండును. వాని పువ్వు మొదటి రేయి తెల్లగా నుండి, మరునాటికి గులాబివన్నెకు దిరుగును. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొనిన శ్రీతాళవృక్షములును అచ్చట గలవు. అది దశాబ్దములు పెరిగి, ఒక్కమారే పూచి, కాయలు పండిన పిదప చచ్చును. చూడవచ్చినవారు వీనినే ముచ్చటించుకొనుచు మరలుదురు. మాకు మాత్రము ఆ తోట అందముకంటె అది చేసిన పని గొప్పగా దోచినది.

పియేర్ ప్వావ్ర్ అను ఫ్రెంచివాడు 1750ల దశకమున తెచ్చిన జాజికాయ మొక్కలు ఆ ద్వీపమున బ్రతుకలేదు. 1770లో మొలక్కస్ దీవులనుండి జాజి, లవంగ మొక్కలను మరల దెప్పించి పాంప్లెమూస్‌లో పెంచిరి. లవంగము పిదప జాంజిబారువరకు వ్యాపించి ఆ దీవికి ముఖ్యమైన పంటయైనది. మొదటి నష్టము కొన్ని మొక్కలతో దీరినది. ఏ రైతు ఇల్లును గూలలేదు. క్రొత్త మొక్క చావవలసియున్నచో తోటలో చావవలెను గాని రైతు పొలములో గాదు.

ఇది మనకేల యందురా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో నేడు ఆయిల్ పామ్ నాటుచున్నారు. అదియు ఒక ద్వీపపు తోటనుండి వ్యాపించినదే. 1848లో జావాలోని బోగోరు వనమున నాలుగు మొక్కలు నాటిరి. ఆగ్నేయాసియా తోటల బీజము చాలవరకు వానిదే. ఈ చెట్టు నాలుగేండ్లకు గాని చక్కని కాపునకు రాదు, పాతికేండ్లు నిలుచును, వేసవిలోను నీరు కోరును, కోసిన గెలలు జాగులేక మిల్లు చేరవలెను. వరి చెడినచో మరుసటి యేడు పంట మార్చుకొనవచ్చును. ఇచ్చట పొరపాటు జరిగినచో సగము జీవితము గడచిపోవును.

మేము ఆయిల్ పామునకు విరోధులము గాము. వేసవిలో బోరు నిలుచు చోట అది లాభమియ్యవచ్చును. గాని అరగంట పోసి ఆగు బోరును నమ్మి చెలకలో నాటుట సాహసము. కాగితము చూచి మేమును సలహా చెప్పిన దినములు గలవు. ఆ మాట నమ్మినవారి నష్టమును మేము పంచుకొనలేదు.

కావున ప్రతి సంఘమును చెలకలో పది గుంటలు, రేగడిలో పది గుంటలు పరీక్షకై యుంచవలెను. ఏ క్రొత్త మొక్కనైనను ముందచ్చట నాటి, పోసిన నీరు, అయిన ఖర్చు, వచ్చిన తూకము సభ్యులందరు చూచునట్లు వ్రాయవలెను. ధనము లేదందురేమో, ఇరువది గుంటల కౌలు సభ్యులందరు పంచుకొన్న నెవరికిని భారము గాదు.

మేము చదివిన మిషను బడిలో బాలునికొక మడి యిచ్చి, మొలచినదానితోబాటు ఎండినదానిని గూడ పుస్తకమున వ్రాయించెడివారు. సంఘపు లెక్కలలో అట్టి పుట యొకటి యుండవలెనని మా మనవి.