పెద్ద క్లచ్చు వేస్తే బండి బాగుపడుతుందా?

పోయిన నాట్లప్పుడు మా బావమరిది ట్రాక్టరు బోగోలు దగ్గర ఒక చేలో దమ్ము సగంలో ఆగిపోయింది. ఇంజను తిరుగుతా ఉంది, గేరు పడతా ఉంది, బండి మాత్రం అడుగు కదల్లేదు. క్లచ్చు ప్లేటు అరిగి అరిగి పూర్తిగా పోయింది. నారు పీకి కట్టలు గట్టు మీద పెట్టుకోనుండారు. నాట్లకొచ్చిన ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా చెట్టు కింద కూర్చుని, సగం కూలైనా ఇమ్మని అడిగారు. అడగడంలో తప్పేముంది? ఆ చేను రైతుకు ఉన్నది ఎకరం ముప్పాతిక. ఆయనకు ట్రాక్టరూ లేదు, క్లచ్చూ లేదు. నష్టం మాత్రం ఆయనకే ముందు తగిలింది. ఆయన వెనక ఇంకో పదిమంది అదే బండి కోసం ఎదురుచూస్తున్నారు. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయని మన రైతులకు ఎవరూ చెప్పబళ్లేదు.

మెకానిక్కు వచ్చి చూసి, "అన్నా, కంపెనీ ప్లేటు మన లోడుకు ఆగదు. పెద్ద స్ప్రింగుల ప్రెషర్ ప్లేటు, సెరామిక్ ప్లేటు ఏస్తా. ఇంక తిరిగి చూడబళ్లేదు" అన్నాడు. వేశాడు. నిజం చెప్పాలంటే బండి బాగానే లాగింది. క్లచ్చు మీద కాలు తీస్తే చాలు, ముందుకు దూకేది. నెల తిరక్క ముందే ఇటుకల లోడుతో ఇసుక దారి ఎక్కుతుంటే లోపల ఫెటిల్లుమని శబ్దం వచ్చింది. ఈసారి పోయింది క్లచ్చు కాదు, గేరు బాక్సులో రెండు పళ్లు. క్లచ్చుకైన ఖర్చుకు మూడింతలైంది. బండి తొమ్మిది రోజులు షెడ్డులో పడుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం దాని రోజుకు అది వచ్చింది.

ఇది ఒక్క ఇంటి కథ అయితే రాసే పని లేదు. బోగోలు, బిట్రగుంట, కావలి షెడ్ల దగ్గర అరగంట నిలబడితే ఇదే మాట వినిపిస్తుంది. పెద్ద క్లచ్చు వేయించు, స్పీడు గేర్లు వేయించు, ఇంకా డబ్బుంటే క్లచ్చే లేని బండి కొను. నా అభిప్రాయం వేరు. మన బండ్లలో తక్కువైంది క్లచ్చు బలం కాదు. దాని మీద మనం వేసే బరువుకూ, పెట్టే కాలుకూ లెక్క లేకపోవడం.

మన వైపు ట్రాక్టరు దుక్కికని కొంటారు గానీ, దుక్కి ఉండేది కొద్ది రోజులే. తక్కిన రోజులన్నీ అది లారీ చేసే పని చేస్తుంది. జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలకు మేత, ఐసు. ఊళ్లోకి ఇటుకలు, ఇసుక. కోతలయ్యాక వడ్లు, ఆ వెనకే గడ్డి. ఉదయం దమ్ము, సాయంత్రం బాడుగ. వాయిదా కట్టాలంటే అట్లా తిప్పక తప్పదు, అది తప్పని నేను అనను. కానీ బురదలో లాగడం వేరు, వెనక ట్రక్కు నిండా లోడు పెట్టుకుని కదలని స్థితి నుంచి కదిలించడం వేరు. క్లచ్చు ప్రాణం పోయేది ఈ రెండో పనిలోనే.

ఎందుకో అర్థం కావాలంటే బిట్రగుంట పెద్దవాళ్లను అడగండి. అక్కడ ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న రోజుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు, ఆవిరి ఇంజనుకు క్లచ్చూ లేదు, గేర్లూ లేవు. చక్రం కదలక ముందే ఆవిరి తన బలమంతా చూపించగలదు. అందుకే అంత గూడ్సు బండినీ నిలబడ్డచోటు నుంచే లాగేది. డీజిల్ ఇంజను అట్లా కాదు, తాను తిరుగుతుంటేనే దానికి బలం. చక్రం నిలిచి ఉంది, ఇంజను తిరుగుతా ఉంది. ఈ రెంటినీ మెల్లిగా కలిపే మధ్యవర్తి కావాలి, ఆ మధ్యవర్తే క్లచ్చు. కలిసేలోపు కాసేపు జారాలి. జారినంతసేపూ కాలాలి.

ఎంత కాలుతుందో చిన్న లెక్క వేసుకుందాం. 45 హార్స్ పవర్ అంటే సుమారు 33 కిలోవాట్లు. ఇంజను పూర్తి బలంతో ఉండి క్లచ్చు సగానికి సగం జారుతోందనుకోండి, 16 కిలోవాట్లకు పైగా వేడి ఆ ప్లేటు మీదే పుడుతుంది. ఇంట్లో స్నానానికి నీళ్లు కాచుకునే ఒక కిలోవాటు హీటర్లు పదహారింటిని పళ్లెమంత ప్లేటు మీద పెట్టినట్టు. రెండు మూడు సెకన్లయితే తట్టుకుంటుంది. హైవే దాటడానికి ఎత్తు మీద హాఫ్ క్లచ్చులో బండిని పట్టి నిలిపి, లారీలు పోయేదాకా ఉంటే? బ్రేకు చెయ్యాల్సిన పని క్లచ్చుతో చేయిస్తున్నామన్నమాట. మాడిన వాసన వచ్చేది అందుకే. ఇసుకలో మూడో గేరుతో బయలుదేరడం, ఊరికే పెడలు మీద కాలు ఆనించి ఊరు దాటడం, ఇవీ అంతే. కాలు ఆనించినప్పుడు రిలీజ్ బేరింగు ఆగకుండా తిరుగుతుంది, ప్రెషర్ ప్లేటు పట్టు సడలుతుంది. పెడలుకు కొంచెం వదులు ఉండాలి. చాలా మోడళ్లలో అది అంగుళం అటూ ఇటూ, మీ బండి పుస్తకంలో సరిగ్గా ఎంతో చూసుకోండి. ప్లేటు అరిగేకొద్దీ ఆ వదులు తగ్గిపోతుంది, మళ్లీ సరిచేయాలి. దానికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో ఎవరూ చేయరు.

ఇప్పుడు ఆ సెరామిక్ ప్లేటు సంగతి. అది మోసం సరుకేం కాదు. వేడిని మామూలు ప్లేటు కంటే బాగా ఓర్చుకుంటుంది. కానీ అది మెత్తగా జారి పట్టుకోదు, ఠపీమని పట్టుకుంటుంది. స్ప్రింగులు కూడా గట్టివి వేస్తే ఆ దెబ్బ ఇంకా పెద్దది. ఆ దెబ్బంతా ఎక్కడికి పోవాలి? గేరు బాక్సుకు, అక్కణ్ణుంచి క్రౌను, పినియన్లకు. మామూలు క్లచ్చు మోతాదు మించిన లోడు వస్తే జారి, తనను తాను కాల్చుకుని మిగతా బండిని కాపాడుతుంది. కరెంటు మోటారుకు ఫ్యూజు ఉన్నట్టు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుడితే మోటారు కాలుతుందని బోరు ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. ట్రాక్టరు దగ్గర మాత్రం అదే పని చేయిస్తున్నాం. మీ మోడలుకు కంపెనీవాళ్లే పెద్ద సైజు క్లచ్చు ఇస్తుంటే, డ్రైవరు కాలు నెమ్మదైనదైతే, వేయించండి, కాదనను. ఎక్కడో ఇంకో బండికి చేసిన ప్రెషర్ ప్లేటు తెచ్చి, బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని బిగిస్తే ఒప్పుకోకండి.

స్పీడు గేర్ల మాటా ఇట్లాంటిదే. క్రౌను పినియన్లు మార్చి రోడ్డు మీద వేగం పెంచుతామంటారు. వేగం పెరిగినంత మేరా లాగే బలం తగ్గుతుంది, ఇందులో మాయ లేదు. బలం తగ్గితే బయలుదేరేటప్పుడు క్లచ్చు ఇంకా ఎక్కువసేపు జారాలి. అంటే ఏ రోగానికి మందనుకున్నామో ఆ రోగమే ముదురుతుంది. పైగా బ్రేకులు పాత వేగానికి చేసినవి. ట్రక్కుకు అసలు బ్రేకే లేని బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో మనకు తెలియనిది కాదు.

ఇక క్లచ్చు లేని బండి. మన కళ్ల ముందే ఉంది, రొయ్యల గుంటలు తవ్వే జేసీబీ. దాంట్లో ఇంజనుకూ గేరు బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒకటుంటుంది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా, గాలి బదులు నూనె అనుకోండి. మధ్యలో ఇంకో రెక్కల చక్రం ఉండి, తిరిగొచ్చే నూనెను మళ్లించి తోపును పెంచుతుంది. బయలుదేరే క్షణంలో ఇంజను బలాన్ని రెట్టింపు దాకా చేయగలదు. జర్మనీలో ఫాటింగర్ అనే ఇంజనీరు 1905లో ఓడల కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. ముందుకూ వెనక్కూ నిమిషానికి నాలుగుసార్లు తిరిగే జేసీబీకి అది లేకపోతే రోజుకో క్లచ్చు కావాలి.

మరి ట్రాక్టరుకు ఎందుకు పెట్టరు? నూనె జారడం కూడా జారడమే. అక్కడా వేడి పుడుతుంది, ఆ వేడి డీజిల్లోంచే వస్తుంది. గంటల తరబడి ఒకే వేగంతో దున్నే బండికి అది దండగ ఖర్చు. నూనె పంపు, నూనె చల్లార్చే కూలరు, దానికి తగ్గ వేరే గేరు బాక్సు, ఇవన్నీ ఉండాలి. పాత ట్రాక్టరుకు తెచ్చి బిగించే వస్తువు కాదది. ఎవరైనా బిగిస్తామంటే అడ్వాన్సు ఇవ్వకండి.

మార్పు చేయదగ్గది ఒకటుంది, అది కొనేటప్పుడే చేయాలి. రోటవేటరు పని ఎక్కువ ఉన్నవాళ్లు డబుల్ క్లచ్చు బండే తీసుకోవడం మంచిది. సింగిల్ క్లచ్చులో పెడలు తొక్కితే చక్రాలతోపాటు రోటవేటరూ ఆగుతుంది, మళ్లీ రెంటినీ ఒకేసారి కదిలించాలి. డబుల్ క్లచ్చులో సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, రోటవేటరు తిరుగుతూనే ఉంటుంది. సింగిల్‌ను తర్వాత డబుల్ చేయిద్దాంలే అనుకోకండి. లోపలి షాఫ్టులే వేరు.

క్లచ్చు నిజంగా పోయిన రోజున మెకానిక్కు చేసే పెద్ద పని బండిని నడుముకాడికి రెండు ముక్కలు చేయడం. కూలీ అంతా దానికే. కాబట్టి విప్పించిన రోజునే ప్లేటుతోపాటు ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు మధ్యలో ఉండే చిన్న బేరింగు అన్నీ చూపించమనండి. ఫ్లైవీలు ముఖం నీలం రంగు తిరిగినా, గీతలు పడినా లేతుకు పంపాలి. ముఖ్యంగా ఇటు ఇంజను వెనక, అటు గేరు బాక్సు ముందు ఉండే ఆయిలు సీళ్లు. అక్కడ చుక్క నూనె కారుతున్నా కొత్త ప్లేటు నెలకే జారుతుంది. నాలుగు వందల సీలు దగ్గర పొదుపు చేసి బండిని రెండోసారి విప్పించినవాళ్లను నేను చూశాను, వాళ్లలో మా బావమరిదీ ఒకడు.

మన సముద్రం వైపు ఇంకో శత్రువు నీళ్లు, అందులోనూ ఉప్పునీళ్లు. కొన్ని మోడళ్లలో క్లచ్చు ఉండే గది అడుగున చిన్న రంధ్రం, దానికో బిరడా ఉంటాయి. దమ్ముకు దిగే ముందు బిగించాలి, అయ్యాక తీసెయ్యాలి. బిగించకపోతే బురద లోపలికి పోతుంది. తియ్యకపోతే కారిన నూనె లోపలే నిలిచి ప్లేటుకు తగులుతుంది. గేరు నూనె డిప్ స్టిక్కు తీసి చూస్తే పాలు కలిపినట్టు తెల్లగా ఉందా, నీళ్లు చేరినట్టే. అట్లాంటి నూనెతో ఒక్క రోజు కూడా తిప్పకూడదు. రొయ్యల గుంటల దగ్గరకు పోయొచ్చే బండ్లకు వారానికోసారైనా ఈ పరీక్ష చేయాలి.

డబ్బుల దగ్గర ఒక మాట. ట్రాక్టరు క్లచ్చు అసెంబ్లీ, గేరు బాక్సు, వాటి విడిభాగాల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. షాపులో బిల్లు అడిగితే తప్ప ఆ తగ్గింపు మీకు వచ్చిందో రాలేదో తెలియదు. బిల్లు లేకుండా ఇస్తే ఇంకా తక్కువకు వస్తుందని చెబుతారు, అప్పుడు గ్యారంటీ ఎవరిని అడుగుతారు? పాత ప్లేటు కూడా అడిగి ఇంటికి తెచ్చుకోండి. అరిగి పోయిందా, కాలి పోయిందా, నూనె తగిలి పోయిందా అన్నది దాని ముఖం మీదే ఉంటుంది.

మెకానిక్కులను తిట్టి లాభం లేదు. వాళ్లలో చాలామంది పన్నెండేళ్ల వయసులో స్పానరు పట్టుకుని, చూసి నేర్చుకున్నవాళ్లే. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకు, యువకులకు ట్రాక్టర్ల మీద శిక్షణ ఇస్తారు. కానీ రోజు కూలి వదులుకుని బోగోలు డ్రైవరు అంతదూరం ఎట్లా పోతాడు? శిక్షణే ఇక్కడికి రావాలి. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి ఊరూరా ఉన్నాయి. ఎరువులూ విత్తనాలే కాకుండా ఏడాదికి రెండు రోజులు, దమ్ములకు నెల ముందు, డ్రైవర్లనూ మెకానిక్కులనూ పిలిచి ఒక బండిని విప్పి చూపిస్తే చాలు. వ్యవసాయ శాఖ, ట్రాక్టరు డీలర్లు కలిస్తే దీనికి కొత్త పథకం అక్కర్లేదు. డీలర్లకు అమ్మేటప్పుడున్న హుషారులో పావు వంతు ఉన్నా సరిపోతుంది.

సొంత బండి లేని చిన్న రైతులు ఇదంతా మాకెందుకని అనుకోవద్దు. గంట బాడుగ పెరిగేది ఇట్లాంటి రిపేర్ల వల్లే. బాడుగకు బండిని మాట్లాడుకునేటప్పుడే, మధ్యలో ఆగితే కూలీల సంగతేంది, ఇంకో బండి ఎన్ని గంటల్లో తెచ్చిపెడతారు అని అడిగి ఒప్పుకోండి. మొహమాటపడితే గట్టు మీద నారు వాడిపోతుంది. బండ్లున్నవాళ్లు బాడుగలు సన్నగిల్లిన వారం చూసుకుని, పెడలు వదులు, గేరు నూనె, సీళ్లు చూపించుకోవడం మేలు. కావలి కాలువకు నీళ్లొదిలి, వానలు పట్టుకున్నాక షెడ్ల దగ్గర వరస కట్టాల్సిందే. అప్పుడు మెకానిక్కు ఏ ప్లేటు ఉంటే ఆ ప్లేటే వేస్తాడు.