ఒక్క నొక్కుకు రెండు ఫీజులా?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే ఒక కుర్రాడు, అశోక్ నగర్‌లోని ఇంటర్నెట్ సెంటరులో నమూనా పరీక్షల ఫీజు కడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను. మీట ఒక్కసారే నొక్కాడు. ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోయింది. ఫోను చేస్తే అవతలివారి జవాబు: "మీరే రెండుసార్లు నొక్కి ఉంటారు." ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!

ఆ పేజీ జావాస్క్రిప్టు తెరిచి చూశాను. పరీక్షాకేంద్రం ఎంచుకున్న ప్రతిసారీ అదే మీటకు కొత్త ఈవెంట్ హ్యాండ్లరు తగులుకుంటోంది. కుర్రాడు మొదట నారాయణగూడ ఎంచుకొని, తరువాత చిక్కడపల్లికి మార్చుకున్నాడు. ఎంపికలు రెండు, హ్యాండ్లర్లు రెండు, ఫీజులూ రెండు.

మిత్రులారా, ఇందులో బ్రౌజరు దోషం లేదు. డబ్ల్యూ3సీ 2000లో వెలువరించిన డామ్ రెండవ స్థాయి ఈవెంట్ల ప్రమాణం నాటినుంచీ నియమం స్పష్టం. ఒకే ప్రమేయాన్ని ఒకే మూలకానికి, ఒకే ఈవెంటుకు, ఒకే క్యాప్చర్ విలువతో ఎన్నిసార్లు తగిలించినా అది ఒక్కటిగానే లెక్క. అక్కడికక్కడ రాసిన అనామక ప్రమేయం మాత్రం, అక్షరం పొల్లుపోకుండా అదే అయినా, ప్రతిసారీ కొత్తదే. పేరు పెట్టని బద్ధకానికి మూల్యం చెల్లించినది ఆ కుర్రాడు.

"నొక్కగానే మీటను స్తంభింపజేస్తే సరి" అంటారు కొందరు. అది ఓపిక లేక రెండుసార్లు నొక్కేవారికి మందు. ఇక్కడ నొక్కు ఒక్కటే. మొదటి హ్యాండ్లరు మీటను ఆపినా, అదే నొక్కుకు రెండవది నడిచే తీరుతుంది. స్టాప్ ప్రాపగేషన్ ఈవెంటును పై మూలకాలకు పోనివ్వదు గానీ, అదే మీటకు తగిలిన తోటి హ్యాండ్లర్లను ఆపదు. వన్స్ అని రాసినా, ఇద్దరూ చెరొకసారి నడుస్తారు!

చేయవలసినది ఇంతే. ప్రమేయానికి పేరు పెట్టండి. మళ్ళీ మళ్ళీ నడిచే చోట కాక, పేజీ తెరుచుకున్నప్పుడు ఒక్కసారి తగిలించండి. సర్వరులోనూ ప్రతి చెల్లింపుకు ఒక గుర్తు ఉంచి, అదే గుర్తుతో రెండవ అభ్యర్థన వస్తే తిరస్కరించండి.

ఒక ఫీజంటే ఆ గదులలో కొన్నాళ్ళ భోజనం. కోడు రాసేవాడు తన తప్పును వేలు కదిపినవాడి మీదకు నెట్టడం అజ్ఞానం కాదు, అన్యాయం. ఏమంటారు?