పాత ఏళ్లను వదిలేసి వెళ్లకండి

షోలాపూర్ పూర్వ భాగంలో ఏ గల్లీకి వెళ్లినా ఇప్పుడు ఒకటే మాట: "సాంచాల మీద గడవట్లేదక్కా, వేరే పని ఉంటే చెప్పు." ఏం వచ్చమ్మా అంటే, "సాంచా తప్ప ఏం రాదు" అంటారు. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పనికి పోదామనుకునే చెల్లెళ్లు, "ఇన్నేళ్లు ఇంట్లోనే ఉన్నా, నన్నెవరు పెట్టుకుంటారు" అంటారు. సేటు ముందు ఈ మాట అన్నామా, నిన్న చేరిన పిల్లకిచ్చే పగారే మనకూ రాస్తాడు.

నేను 11 ఏళ్లు కండెలు చుట్టాను. ఇప్పుడు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో చెకింగ్ చేస్తున్నా. అక్కడ నాకు అన్నం పెడుతున్నది పాత కన్నే. గుడ్డలో పోగు తప్పినా, పేక పలచబడినా మన కంటికి ఇట్టే పడుతుంది. అది కుట్టుపని నేర్చుకుంటే వచ్చేది కాదు.

అందుకే పని అడిగేటప్పుడు విడివిడిగా చెప్పండి. ఒకేసారి ఎన్ని సాంచాలు చూసుకున్నారు, బీము మార్చడం వచ్చా, చిన్న రిపేరు చేసుకుంటారా, రాత్రి పాళీ అలవాటేనా, అన్నీ చెప్పండి. బీడీలు చుట్టిన అక్కలకు వేల లెక్క తప్పదు, చెయ్యి ఆగదు. ప్యాకింగ్‌లో కావలసింది అదే. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ మాట్లాడతాం. టవళ్లు, చద్దర్ల దుకాణంలో అదీ ఒక గుణమే. నమ్మకం లేదంటే, "ఒక రోజు చేసి చూపిస్తా" అనండి. ఆ రోజు కూలి ముందే మాట్లాడుకోండి. పని ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

రెండో సంగతి పీఎఫ్. పని మానగానే మనవాళ్లు మొత్తం తీసేసుకుంటారు. ఇంట్లో అవసరం ఉంటుంది, కాదనను. కానీ అందులో పెన్షన్ భాగం వేరే ఉంటుంది. మొత్తం 10 ఏళ్ల సర్వీసు ఉంటే 58 నిండాక నెలనెలా పెన్షన్ వస్తుంది. ఆ 10 ఏళ్లు ఒకే చోట చేయాలని లేదు. పాత మిల్లులో 6, కొత్త చోట 4 కలిపినా 10 అవుతాయి. పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే ఆ 6 ఏళ్లు లెక్కలోంచి పోతాయి, మళ్లీ ఒకటి నుంచి మొదలు. దానికి బదులు 10సీ ఫారంలో స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. కొత్త పనిలో చేరేటప్పుడు పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి, 12 అంకెలు ఉంటాయి. కొత్త నంబరు తీయనివ్వకండి.

పేరు కూడా సరిచూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, మరాఠీ కాగితాల్లో అది చివరకు పోతుంది. పెళ్లయిన ఆడవాళ్లకు పేరే మారిపోతుంది. ఆధార్‌లో ఒకటి, పీఎఫ్‌లో ఒకటి ఉంటే డబ్బు ఆగిపోతుంది. పనిలో ఉండగానే దిద్దించుకోవడం తేలిక.

పీఎఫ్ లేని చిన్న కార్ఖానాలో చేశారా? మానే ముందు సేటు దగ్గర లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాయించుకోండి: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏం పని. సంతకం, ముద్ర ఉండాలి. మనస్పర్ధ వచ్చి మానేసినా సరే, ఆ కాగితం అడగడానికి మొహమాటపడకండి. అది సేటు చేసే దయ కాదు, మీరు చేసిన పనికి లెక్క.