కాపురం ఒకచోట, కాగితం ఇంకోచోట: ఫ్రాన్స్‌లో యానాం కోడళ్ల చిరునామా చిక్కు

పెళ్లి వీసా గురించి మన వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ వీసా చేతికొచ్చే వరకే. ఏ కాగితాలు పెట్టాలి, పాండిచ్చేరి కాన్సులేట్‌లో ఏమడుగుతారు, పెళ్లి ఫ్రెంచ్ రికార్డులకు ఎక్కడానికి ఎన్నాళ్లు పడుతుంది. విమానం దిగాక ఏం చెయ్యాలన్నది అడిగేవాళ్లు తక్కువ. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే, దాని పేరు చిరునామా.

యానాంకు ఈ సంగతి కొత్తేమీ కాదు. 1956లో సంతకమైన అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. కోరుకున్నవాళ్లు ఆరు నెలల్లోగా ఫ్రెంచ్ జాతీయత ఎంచుకోవచ్చన్న నిబంధన అందులో ఉంది. ఎంచుకున్న కుటుంబాల పిల్లలు, మనవలు నేటికీ ఫ్రెంచ్ పౌరులే. వాళ్లకు గోదావరి జిల్లాల సంబంధాలు వస్తాయి. ఆ పెళ్లిళ్లతో ఏటా కొందరు తెలుగు అమ్మాయిలు, అబ్బాయిలు ఫ్రెంచ్ పౌరుల జీవిత భాగస్వాములుగా అక్కడికి చేరతారు. వాళ్లలో ఎక్కువమందికి ఫ్రెంచ్ భాష రాదు, అందుకే చిరునామా పనులన్నీ భర్తో అత్తామామలో చూసుకుంటారు. ఆ అలవాటు మీదే మాకు అభ్యంతరం.

జర్మనీ, జపాన్‌లలో ఇల్లు మారగానే రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి నమోదు చేయించుకోవాలి. అక్కడ ప్రభుత్వం దగ్గర ఒక పుస్తకం ఉంటుంది, అందులో మీ పేరు ఉంటుంది. ఫ్రాన్స్‌లో అలాంటి నివాస రిజిస్టరు లేదు. ఇది సుఖమే కదా అనిపిస్తుంది. నిజానికి నమోదు లేనిచోట రుజువు కావాలి, ఆ రుజువు ప్రతిసారీ మీరే తెచ్చుకోవాలి. కరెంటు బిల్లు, అద్దె రసీదు, ఇంటి ఇన్సూరెన్సు కాగితం, టాక్సు నోటీసు, వీటిలో ఏదో ఒకటి మీ పేరుతో ఉండాలి. లేకపోతే ఆ ఇంటి యజమానో అద్దెదారో తన గుర్తింపు కార్డు నకలు, తన బిల్లు జతచేసి, ఈ మనిషి మా ఇంట్లోనే ఉంటోందని సంతకం పెట్టి ఇవ్వాలి.

ఎక్కువమంది కోడళ్లు మొదటి రోజు నుంచీ ఆ సంతకం మీదే బతుకుతున్నారు.

వరస ఎలా ఉంటుందో చూద్దాం. ఫ్రెంచ్ పౌరుల జీవిత భాగస్వామికి ఇచ్చే దీర్ఘకాల వీసాయే మొదటి ఏడాది నివాస అనుమతిగా చెల్లుతుంది. అయితే దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోగా దాన్ని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించి, రుసుము కట్టాలి. వచ్చిన తేదీతో పాటు ఉంటున్న చిరునామా కూడా అక్కడే రాయాలి. మూడు నెలలు దాటితే ఆ వీసా మీద ఉండటం చట్టబద్ధం కాదు. తర్వాత ఇల్లు మారితే కొత్త చిరునామాను మళ్లీ మూడు నెలల్లోగా తెలియజేయాలి. కార్డు గడువు తీరడానికి నాలుగు నెలల ముందు నుంచి రెండు నెలల ముందు లోపు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాలి. దాన్ని చూసేది మీరుంటున్న జిల్లా ప్రిఫెక్చరే. పారిస్ శివార్లలో వీధి దాటితే జిల్లా మారిపోయే చోట్లున్నాయి, ప్రిఫెక్చరూ మారుతుంది.

పునరుద్ధరణ అప్పుడు అడిగేది ఒక్కటే: కాపురం కలిసి సాగుతోందా? దానికి దంపతులిద్దరూ సంతకం చేసిన ప్రకటన, ఇద్దరి పేర్లూ ఒకే చిరునామాతో ఉన్న కాగితాలు. నాలుగేళ్ల తర్వాత పెళ్లి ఆధారంగా ఫ్రెంచ్ జాతీయత కోరినా మళ్లీ ఇదే ప్రశ్న, ఇవే కాగితాలు. అందుకని వెళ్లిన మొదటి నెలలోనే కరెంటు ఖాతాలో రెండో పేరు చేర్పించుకోవడం మంచిది. భర్త ఫోన్ చేసి అడిగితే చాలు, అయిపోయే పని. మూడేళ్ల తర్వాత గుర్తొస్తే అప్పటి బిల్లులు వెనక్కి వెళ్లి మారవు.

ఇక్కడ మన ఇంటిపేరు అడ్డొస్తుంది. పెళ్లయ్యాక కొందరు పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరుకు మారతారు, కొందరు పుట్టింటి పేరే ఉంచుకుంటారు. ఫ్రెంచ్ పాలనా వ్యవస్థలో మనిషి అసలు పేరు పుట్టినప్పటిదే. భర్త పేరు వాడుక పేరు మాత్రమే, అదీ పక్కన విడిగా రాస్తారు. బిల్లు ఒక పేరుతో, నివాస కార్డు ఇంకో పేరుతో, జనన ధ్రువపత్రం మూడో స్పెల్లింగుతో ఉంటే కౌంటరు దగ్గర ఒకే అమ్మాయి ముగ్గురు మనుషులవుతుంది. వెళ్లేముందే ఏ పేరు ఏ కాగితంలో ఎలా ఉందో సరిచూసుకోవాలి.

తపాలా పెట్టె సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. అక్కడ పెట్టె మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని వెనక్కి పంపించేస్తాడు. రిజిస్టరు ఉత్తరమైతే పోస్టాఫీసులో 15 రోజులు ఉంచి తిప్పి పంపుతారు. తీసుకోకపోయినా అందినట్టే లెక్క, అప్పీలు గడువు నడిచిపోతూనే ఉంటుంది. పెట్టె మీద అతికించే చీటీ ముక్క ఖర్చు ఎంత?

ఇంతవరకూ కాపురం బాగున్నప్పటి మాట. బాగాలేనప్పుడే చిరునామా అసలు బలం తెలుస్తుంది. ఇల్లు అతనిది, బిల్లు అతనిది, ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డు అతనిది, ఆమె ఉంటోందన్న సంతకం కూడా అతనిది. గొడవ వచ్చి ఆమె గడప దాటితే, చిరునామా పోతుంది, కాపురం రుజువూ పోతుంది, కార్డు కూడా పోతుందన్న భయం వెంటాడుతుంది. ఈ భయంతోనే దెబ్బలు ఓర్చుకుంటూ ఉండిపోయేవాళ్లున్నారు. యానాంలో ఉన్న తల్లిదండ్రులకూ 'కార్డు వచ్చేదాకా సర్దుకో' అని చెప్పడం మామూలైపోయింది.

ఆ సలహా తప్పు. ఫ్రెంచ్ చట్టమే అలా చెప్పడం లేదు. కాపురం విడిపోవడానికి కారణం కుటుంబ హింస అయితే, విడిపోయారన్న సాకుతో ప్రిఫెక్చర్ కార్డు వెనక్కి తీసుకోకూడదు. భర్త చనిపోయిన సందర్భంలో కూడా రక్షణ ఉంది. కుటుంబ న్యాయమూర్తి ఇచ్చే రక్షణ ఉత్తర్వు 2010 నుంచి ఉంది. అది పొందిన మహిళ తన కొత్త నివాసాన్ని భర్తకు తెలియకుండా దాచి, లాయరు చిరునామానే తన చిరునామాగా చూపించుకోవచ్చు. ఆ ఉత్తర్వు ఆధారంగా నివాస కార్డు కూడా వస్తుంది. స్థిరమైన ఇల్లు లేనివాళ్లకు స్థానిక సామాజిక సహాయ కేంద్రాలు ఉత్తరాల కోసం చిరునామా ఇస్తాయి. 3919 నంబరుకు ఫోన్ ఉచితం, రోజంతా పలుకుతుంది. అయితే హింసకు రుజువులు కావాలి: డాక్టరు సర్టిఫికెట్, పోలీసు ఫిర్యాదు, పక్కింటివాళ్ల వాంగ్మూలం. అవి అప్పటికప్పుడు పోగేసుకోవాల్సినవి.

తిరుగు దారిలోనూ ఇదే కథ. ఫ్రెంచ్ పాస్‌పోర్టుతో యానాం వచ్చి కాపురం పెట్టిన కోడలో అల్లుడో ఇక్కడ విదేశీయులే. 180 రోజులకు మించిన వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో నమోదు చేయించుకోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న వలస, విదేశీయుల చట్టం 1939, 1946 నాటి పాత చట్టాలను తీసేసింది గాని ఈ బాధ్యతను తీసెయ్యలేదు. పెళ్లి నమోదై రెండేళ్లు నిండితే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చెయ్యవచ్చు, ఆపై ఆ నమోదు అవసరం ఉండదు. భార్యాభర్తల హోదాతో వచ్చిన ఓసీఐ మాత్రం విడాకులైతే రద్దవుతుంది. అక్కడ హింసకు గురైన కోడలికి ఉన్నంత స్పష్టమైన మినహాయింపు ఇక్కడి ఓసీఐ నిబంధనలో కనిపించదు. పార్లమెంటులో పుదుచ్చేరి సభ్యుడు అడగదగ్గ ప్రశ్న ఇది.

యానాం నుంచి పాండిచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. పెళ్లికి ముందు ఆ ప్రయాణం ఎలాగూ తప్పదు. వెళ్లినప్పుడు వీసా ఫారంతో పాటు అమ్మాయి పేరున ఒక ఈమెయిల్ తెరిపించి, దాని పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంచండి. ధ్రువీకరణ లింకులు, ప్రిఫెక్చర్ జవాబులు వచ్చేది దానికే.