నకలుకీ కావలి కావాలి!

పూర్వం ఓ లేఖకుడు ఉండేవాడట. ఉన్నది ఉన్నట్టు దించడంలో దిట్ట. ఓసారి అసలు ప్రతిలో రెండు ఆకుల మధ్య ఈగ ఒకటి నలిగి, అక్షరాల మీద అతుక్కుపోయి కనిపించింది. మనవాడు కాసేపు దానివంక చూశాడు. లేచెళ్లి ఓ ఈగను పట్టుకొచ్చాడు. సరిగ్గా అదే చోట, తన ప్రతిలోనూ అతికించాడు! ఆలోచన లేకుండా దించేయడాన్ని ‘మక్కీకి మక్కీ’ అనడం అలా వచ్చిందని చెబుతారు.

ఆ లేఖకుడు ఇప్పటికీ ఉన్నాడు. కాకపోతే తాటాకుల దగ్గర కాదు, కంప్యూటర్ల దగ్గర. పేరు... రెప్లికేషన్ జాబ్. ఓ స్టోరేజీ పెట్టెలోని సమాచారాన్ని చెప్పిన వేళకి, మనిషి ప్రమేయం లేకుండా, మరోచోట ఉన్న ఇంకో పెట్టెకి చేరవేయడమే దాని ఉద్యోగం. జీతం అడగదు. సెలవు పెట్టదు. సంక్రాంతినాడైనా సరే, రాత్రి రెండు కొట్టేసరికి పనిలో దిగిపోతుంది. ఒకప్పుడు బ్యాంకులకూ పెద్ద కంపెనీలకే ఉన్న ఈ ఏర్పాటు ఇప్పుడు పదిమంది పనిచేసే ఆడిటర్ ఆఫీసుకీ, స్కానింగ్ సెంటర్‌కీ, పెళ్లి ఫొటోల స్టూడియోకీ అందుబాటులోకి వచ్చింది. ‘నాస్’ అని పిలిచే చిన్నపాటి స్టోరేజీ పెట్టెల్లోనే ఆ సదుపాయం ఉంటోంది. నాలుగు బటన్లు నొక్కితే చాలు, జాబ్ సిద్ధం.

‘ఇంకేం, రెప్లికేషన్ పెట్టేశాం. ఇక బెంగ లేదు’ అనుకుంటారు చాలామంది. చిక్కంతా ఆ ధీమాలోనే ఉంది.

రెండు డిస్కులుంటే చాలదా?

పెట్టెలో రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడేలా చేయడం పాత పద్ధతే. దాన్ని ‘రెయిడ్’ అంటారు. ఒక డిస్కు పోతే రెండోది ఆదుకుంటుంది. కానీ రెండూ ఉన్నది ఒకే పెట్టెలో. పిడుగుపాటుకి కరెంటు ఎగదన్నినా, దొంగ పెట్టెనే ఎత్తుకుపోయినా, గదిలోకి వరద నీరు వచ్చినా రెండూ ఒక్కసారే పోతాయి. అందుకే రెండో ప్రతి వేరే పెట్టెలో ఉండాలి. ఆ పెట్టె వేరే భవనంలో, వీలైతే వేరే ఊళ్లో ఉండాలి.

అయితే, గిగాబైట్ల కొద్దీ సమాచారాన్ని రోజూ మొదటినుంచీ మోయడం అయ్యేపని కాదు. మారిన ముక్కల్ని మాత్రమే పంపాలి. 1996లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ ‘ఆర్‌సింక్’ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేసింది అందుకే. అది ఫైలును ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కకీ ఒక లెక్క కడుతుంది. అవతలి పెట్టెలోని ముక్కల లెక్కతో పోల్చి, తేడా ఉన్నవాటినే పంపిస్తుంది. నేటికీ ఎన్నో పెట్టెల్లో తెరవెనుక పనిచేస్తున్నది ఇదే.

ముందు ఫొటో... తర్వాత ప్రయాణం

సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లు రూపొందించిన ‘జడ్‌ఎఫ్‌ఎస్’ అనే ఫైల్ వ్యవస్థ మరో దారి పట్టింది. 2005లో దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ట్రూనాస్ లాంటివి ఇప్పుడు దానిమీదే నడుస్తున్నాయి. ఇక్కడ కీలకం ‘స్నాప్‌షాట్’. అంటే ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో అలా ఓ ఫొటో తీసిపెట్టుకోవడం. అది క్షణంలో అయిపోతుంది. మొదట్లో చోటు కూడా దాదాపు తినదు. తర్వాత ఏదైనా ఫైలు మారితే, కొత్తది వేరేచోట రాస్తుంది. పాతది ఫొటోలో భద్రంగా ఉండిపోతుంది. నిన్నటి ఫొటోకీ ఇవాళ్టి ఫొటోకీ మధ్య ఏ ముక్కలు మారాయో ఆ వ్యవస్థకే తెలుసు కాబట్టి, వెతుక్కోనక్కర్లేదు. ఆ తేడా మూటకట్టి అవతలికి పంపేస్తుంది.

కాబట్టి ఏర్పాటులో మొదటి మెట్టు స్నాప్‌షాట్‌కు వేళ పెట్టడం. రెండోది, దాన్ని పంపే జాబ్ పెట్టడం. ఎంతసేపటికోసారి? దీనికి జవాబు కంప్యూటర్ చెప్పదు, యజమాని చెప్పాలి. ‘ఎన్ని గంటల పని పోతే తట్టుకోగలం?’ అన్నదే అసలు ప్రశ్న. పెళ్లి ఫొటోల స్టూడియోకి రోజుకోసారి సరిపోవచ్చు. రోజంతా బిల్లులు కొట్టే హోల్‌సేల్ షాపుకి గంటకోసారి కావాలి. లెక్కల ప్రోగ్రామ్ తెరిచి ఉండగా తీసిన ఫొటో సగం రాసిన చిట్టా లాంటిది. తర్వాత తెరిస్తే లెక్క కుదరకపోవచ్చు. అందుకే రోజుకి ఒక్క స్నాప్‌షాట్ అయినా, అందరూ ప్రోగ్రామ్ మూసేసిన వేళకి పడేలా చూసుకోవాలి.

వేళ అంటే గుర్తొచ్చే తిప్పలు ఇంకొకటి ఉంది. కొత్త పెట్టెలో గడియారం తరచూ అంతర్జాతీయ ప్రమాణ కాలంలో ఉంటుంది. రాత్రి రెండింటికి పెట్టామనుకున్న జాబ్, మన గడియారంలో ఉదయం ఏడున్నరకి మొదలవుతుంది! షాపు తెరిచేవేళకి ఇంటర్నెట్ మొత్తం అది మింగేస్తుంటే, జనం తిట్టేది మాత్రం కేబుల్ వాడిని.

తొలి ప్రతి బస్సెక్కాల్సిందే!

కాస్త లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. స్టూడియోలో 2 టెరాబైట్ల ఫొటోలు ఉన్నాయి. ఇంటర్నెట్ పైకి పంపే వేగం సెకనుకు 20 మెగాబిట్లు. నిర్విరామంగా పంపినా మొదటి ప్రతి చేరడానికి 9 రోజులకు పైగా పడుతుంది. మధ్యలో కరెంటు కోతలు, లైను తెగడాలు సరేసరి. అదే రోజువారీ మార్పు 5 గిగాబైట్లయితే, అరగంట పైన నాలుగు నిమిషాల్లో పనైపోతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండో పెట్టెను మొదట ఇక్కడికే తెచ్చి, మొదటిదాని పక్కనే పెట్టి, తొలి ప్రతి పూర్తయ్యాక అవతలి ఊరికి పంపిస్తారు. దారిలో పోయినా ఎవరూ చదవలేకుండా డిస్కును ముందే ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి.

జాబ్‌కి అడ్మినిస్ట్రేటర్ తాళాలన్నీ ఇచ్చేయడం ఇంకో పొరపాటు. పనిమనిషికి బీరువా తాళం ఎందుకు? దానికంటూ వేరే లాగిన్, వేరే తాళంచెవి ఉండాలి. అవతలి పెట్టెలోని ప్రతిని చదవడం తప్ప ఎవరూ మార్చకూడదు.

గొలుసు తెగితే...

ఫొటోల పద్ధతిలో ఓ మెలిక ఉంది. తేడా పంపాలంటే, రెండు పెట్టెల్లోనూ ఒకే ఫొటో కనీసం ఒక్కటైనా ఉండాలి. చోటు కలిసొస్తుందని ఇక్కడి ఫొటోల్ని వారం దాటగానే చెరిపేసేలా పెట్టారనుకోండి. ఆ తర్వాత ఎప్పుడో లైను పది రోజులు తెగింది. మళ్లీ కలిసేసరికి రెండుచోట్లా ఉమ్మడిగా ఉన్న ఫొటో పోయింది! గొలుసు తెగిపోయింది. మళ్లీ 2 టెరాబైట్లూ మొదటినుంచి పంపాల్సిందే.

ఇలాంటి మెలికే 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థను రోడ్డు మీదికి తెచ్చింది. వేలాదిమంది ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే చోటు అది. ఆ రోజు ప్రధాన డేటాబేస్ మీద భారం పెరిగింది. రెండో సర్వర్ వెనకబడిపోయింది. దానికి చేరాల్సిన మార్పుల చిట్టాను అది అందుకోకముందే మొదటి సర్వర్ చెరిపేసింది. గొలుసు తెగింది. రెండోదాన్ని ఖాళీ చేసి మొదటినుంచి నింపాలని ఓ ఇంజినీరు రాత్రి పొద్దుపోయేదాకా కుస్తీ పట్టాడు. చివరికి ఖాళీ చేసే ఆజ్ఞ ఇచ్చాడు... రెండో సర్వర్‌లో కాదు, మొదటి సర్వర్‌లో! ఒకటి రెండు సెకన్లలో పొరపాటు గ్రహించి ఆపేశాడు. అప్పటికే 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు.

సరే, బ్యాకప్‌లు ఉంటాయిగా? ఉన్నాయనే అందరూ అనుకున్నారు. రోజూ ప్రతి తీసే ప్రోగ్రామ్ వెర్షన్ కుదరక విఫలమవుతూ వస్తోంది. విఫలమైనప్పుడల్లా అది హెచ్చరిక మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిల్స్‌కి సరైన ధ్రువీకరణ లేక, అందుకునే సర్వరే వాటిని తిప్పికొట్టింది. ఎవరికీ ఒక్కటీ చేరలేదు. దూరంగా దాచే చోటులో చూస్తే ఖాళీ! అయిదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. ఆదుకున్నదల్లా, ఆ ఇంజినీరే వేరే పనికోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన ఒక స్నాప్‌షాట్. దాన్నుంచి సైటును నిలబెట్టడానికి దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలో చేరిన సుమారు 5 వేల ప్రాజెక్టులు, 5 వేల వ్యాఖ్యలు, 700 మంది కొత్త సభ్యుల వివరాలు మాత్రం తిరిగి రాలేదు. సంస్థ ఏదీ దాచలేదు. మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది.

ఆ కథలో ఇంజినీరు చేసిన తప్పు ఒక్క క్షణానిది. మెయిల్ రాలేదంటే అంతా బాగున్నట్టే అన్న నమ్మకం మాత్రం ఎన్నో రోజులది. అందుకే జాబ్ విఫలమైతే మెయిల్ రావడం కాదు, పూర్తయితే మెయిల్ రావాలి. ఓ రోజు రాకపోతే అనుమానం పుట్టాలి.

ఈనిందంటే కట్టేసే జాబ్!

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికొకడు. రెప్లికేషన్ తత్వం అచ్చం ఇదే. ఇక్కడ ఫైలు చెరిగిపోతే, అక్కడా చెరిపేస్తుంది. ఇక్కడ వైరస్ పట్టి అక్షరాలన్నీ గజిబిజి అయితే, ఆ గజిబిజినే శ్రద్ధగా మోసుకెళ్తుంది. 2017 మేలో ‘వన్నాక్రై’ అనే వైరస్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అలాంటివేళ కేవలం తాజా ప్రతి మాత్రమే ఉంటే, మిగిలేవి తాళం పడిన ఫైళ్లు రెండు జతలు!

విరుగుడు పాత ఫొటోల్ని అట్టిపెట్టుకోవడమే. గంటగంటకీ తీసినవి ఒక రోజు, రోజువారీవి ఒక నెల, నెలవారీవి ఏడాదిపాటు ఉంచితే, చెడిపోకముందు రోజుకి వెనక్కి వెళ్లొచ్చు. అవతలి పెట్టెలో ఇవి ఇంకా ఎక్కువకాలం ఉండాలి. ఇంకో జాగ్రత్త... ఇక్కడి పెట్టె అక్కడికి తోయడం కన్నా, అక్కడి పెట్టే వచ్చి ఇక్కడినుంచి లాక్కునేలా పెట్టడం మేలు. అప్పుడు ఇక్కడ చొరబడినవాడి చేతికి అక్కడి తాళాలు దొరకవు.

జాబ్‌ని సరిదిద్దేటప్పుడూ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో, పాత చిట్టాల్ని తుడిచే బ్యాకప్ స్క్రిప్టును నడుస్తుండగానే మార్చారు. అది సగంలో దారితప్పి, పరిశోధకుల ఫైళ్లనే తుడిచేసింది. పోయింది 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు.

దూరం ఎంత ఉండాలి?

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో, ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు మారుస్తుండగా మంటలు లేచాయి. 600కు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. చాలావాటిని ఒక్కొక్కటిగా లేపారు. ఉద్యోగులు పనికాగితాలు దాచుకునే ‘జీ-డ్రైవ్’ మాత్రం లేవలేదు. 858 టెరాబైట్లు బూడిదైంది. అంత పెద్దదానికి బయట ప్రతి ఉంచలేదు మరి! సాంకేతికతలో ప్రపంచానికే పాఠాలు చెప్పే దేశంలో జరిగిన సంగతిది.

మన దేశంలో 2024 మార్చి 2న, ఓ శనివారం, స్టాక్ ఎక్స్ఛేంజీలు ప్రత్యేకంగా మార్కెట్ తెరిచాయి. లాభాల కోసం కాదు... లావాదేవీలు నడుస్తుండగానే ప్రధాన కేంద్రంనుంచి ప్రత్యామ్నాయ కేంద్రానికి మారి చూసుకోవడానికి! ఆపద వచ్చాక కాదు, రాకముందే.

అంత హంగామా అందరికీ అక్కర్లేదు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన ‘3-2-1’ సూత్రం చాలు. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, వాటిలో ఒకటి వేరేచోట. దానికి ఇంకో అలవాటు కలిపితే సరి. నెలకోసారి, ఏదో ఒక తేదీ పెట్టుకుని, అవతలి పెట్టెలోంచి ఒక ఫైలును వెనక్కి రప్పించి తెరిచి చూడాలి. రెండేళ్లనాటి పెళ్లి ఫొటోనో, పోయిన మార్చి నాటి లెక్కల పుస్తకమో. దానికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోవాలి. తెరపై పచ్చ దీపం వెలుగుతోందంటే జాబ్ నడుస్తోందని మాత్రమే అర్థం. ప్రతి పనికొస్తుందని చెప్పేది తెరుచుకున్న ఫైలే!

ఆ పనికి పట్టేది పావుగంట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో, గిట్‌ల్యాబ్ వాళ్లనడిగితే చెబుతారు.