సగం కిస్సా

లండన్ ఫోక్ సింగర్ క్యాట్ స్టీవెన్స్ 1977లో ఇస్లాం కబూల్ చేసి, యూసుఫ్ ఇస్లాం అయ్యారు. తర్వాత గిటార్లు వేలం వేసి ఆ పైసలు ఖైరాత్ చేశారు. పిల్లల చేతిలోంచి గిటార్ గుంజుకోవడానికి మన ఇళ్లలో ఈ సగం కిస్సానే చెప్తారు.

మిగతా సగం? ఏళ్ల తర్వాత కొడుకు ఇంటికి గిటార్ తెచ్చాడు. అబ్బా మళ్లీ పట్టుకున్నారు. 2009 నాటి 'రోడ్‌సింగర్' వినండి. హంగామా లేదు. గిటారూ గొంతే ముందుంటాయి, అంతా సాదగీ. నాకైతే అందులో దీన్‌కు ఖిలాఫ్ ఏదీ వినపడలేదు.

సాజ్ హలాలా హరామా అన్న మస్లా మీద ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది, సరే. ఫైసలా మీ ఇష్టం. కానీ పదిహేనేళ్ల పిల్లగాడికి కిస్సా పూరా చెప్పండి.